గది చల్లగానే ఉంది, వేడి బకెట్ లోపల ఉంది

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర ఒక పల్లె. మా నాన్న గీత కార్మికుడు. నేను ఉద్యోగరీత్యా అమెరికాలో డాలస్ శివార్లలో ఉంటున్నాను. సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది కనుక ఈ వేసవిలో రెండుసార్లు 20 లీటర్ల చొప్పున చేశాను. రెండూ చెడిపోయాయి. మొదటిదానికి బాగా మాగిన అరటిపండు వాసన, దాని వెనకాలే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వచ్చాయి. తాగితే గొంతు మండింది. వేడి వల్లనేమో అన్న అనుమానంతో రెండోసారి నాలుగో రోజున బకెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టాను. అది పులియడం ఆగిపోయి, తియ్యగా, వెన్న వాసనతో మిగిలింది. ఏసీ రాత్రింబవళ్ళు 75 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే ఉంది. బకెట్ బట్టల అలమారలో చీకట్లో ఉంది. ఫోన్లో చెబితే నాన్న, "ఎండల పెట్టిన లొట్టి లెక్క పొంగింది బిడ్డా, సల్లగ ఉంచకుంటె ఏదైనా గంతే" అన్నాడు. ఏసీ గదిలో ఎండ ఎక్కడిది? నేను చేసిన తప్పు ఏమిటి?

సమాధానం: మీ నాన్నగారు ఫోన్లో వినే రోగం పట్టుకున్నారు. గదిలో ఎండ లేదన్న మాట నిజమే కాని, బకెట్ లోపల ఉంది. మీరు కొలిచింది గోడమీది ఏసీ అంకెను. బీరును పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్ బతికింది ఆ అంకెలో కాదు. మీ రెండు నష్టాలకూ మూలం ఇదొక్కటే కనుక, దీన్ని కొంచెం వివరంగా చెప్పడానికి అనుమతించండి.

మొదట చట్టం సంగతి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే ఈ సమాధానాన్ని నల్లగొండలోనూ పాలమూరులోనూ చదివేవారు ఉంటారు. అమెరికాలో 1978లో సంతకమైన చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా సొంతానికి, పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్ల వరకు బీరు తయారుచేసుకోవచ్చు. మన రాష్ట్రంలో అలా కాదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం నేరం. సెలవులకు వచ్చినప్పుడు ఆ సామాను సూట్‌కేసులో తెచ్చి ఇక్కడ ప్రయత్నించవద్దని మిమ్మల్నీ కోరుతున్నాను.

ఇక అసలు విషయం. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుందని అందరికీ తెలుసు. మూడోది కూడా ఒకటి వదులుతుంది, అది వేడి. కంటికి కనబడదు, బుడగలు రావు కనుక దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీరు చేసిన మామూలు బలం బీరులో, 20 లీటర్ల మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) రసంలో, సుమారు ఒకటిన్నర కిలోల చక్కెర పులుస్తుంది. అందులోంచి పుట్టే వేడి బయటికి పోయే దారి లేక అంతా ఆ రసంలోనే నిలిచిందనుకుంటే, దాన్ని పది పన్నెండు డిగ్రీల సెల్సియస్ వేడెక్కించడానికి చాలుతుంది. దారి పూర్తిగా మూసుకుపోదు కాబట్టి అంత పెరగదు. మామూలు గదిలో గాలికన్నా మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువలో నిలబడుతుంది. మీ ఏసీ చూపిన 75 ఫారన్‌హీట్ అంటే 24 సెల్సియస్. అలమార తలుపు మూసి ఉంది, చుట్టూ బట్టలు, కదలని గాలి. లోపల రసం 28 దాకా, ఇంకా పైకే వెళ్ళి ఉంటుందని నా అంచనా. మీరు వాడిన రకం ఈస్ట్‌కు నచ్చే చోటు 18 నుంచి 20 మధ్య.

ఈస్ట్ వేడిలో చావదు, పైగా ఉత్సాహంగా పనిచేస్తుంది, చిక్కు అక్కడే. వేడి పెరిగినకొద్దీ అది త్వరత్వరగా పిల్లలు పెడుతూ, ఆ తొందరలో ఆల్కహాలుతో పాటు మనం కోరని సరుకు కూడా తయారుచేస్తుంది. ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టరుది అరటిపండు వాసన. ఇథైల్ ఎసిటేట్‌ది మీరు రాసిన నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. ఆ వాసన మీకు గుర్తుకు రావడానికి కారణం ఆ సీసాల్లో చాలావాటిలో ఉండేది అదే పదార్థం కావడం. గొంతు మండించినవి ఫ్యూజల్ ఆల్కహాళ్ళు అనే బరువైన ఆల్కహాళ్ళు. ఒకసారి పుట్టిన తర్వాత ఈ బరువైన ఆల్కహాళ్ళు ఎన్ని వారాలు నిలవ ఉంచినా పోవు. మీ ఉత్తరంలో పులుపు మాట ఎక్కడా లేదు, పైన తెట్టు కట్టిందనీ లేదు; కనుక శుభ్రత లోపించి వేరే సూక్ష్మజీవులు చేరాయన్న భయం పెట్టుకోకండి. బకెట్ బాగానే కడిగారు. చెడగొట్టింది వేడి ఒక్కటే.

మీ నాన్నగారి లొట్టికీ మీ బకెట్‌కూ ఒక తేడా ఉంది, అది తెలిస్తే ఆయన మాట ఎంతవరకు వర్తిస్తుందో కూడా తెలుస్తుంది. తెల్లవారుజామున దించిన లొట్టిలో కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కి ఎండ చెట్టు నడుముకు దిగేసరికి మూతిమీద తెల్లని నురగ లేచి, చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా సలసల వినిపిస్తుంది. మధ్యాహ్నానికి నాలుకను కొరికే పులుపు వస్తుంది. దానికి ఎవరూ ఈస్ట్ వేయరు. పాత లొట్టి గోడల్లో, గాలిలో, ఈగల కాళ్ళమీద ఉన్న రకరకాల ఈస్ట్‌లూ బ్యాక్టీరియా కలిసి ఆ పని చేస్తాయి. పులియని తియ్యని నీరా కావాలనుకున్నప్పుడు లొట్టి లోపల సున్నం పూసేది వాటిని ఆపడానికే. ఆ గుంపు మన ఎండకు అలవాటుపడిన గుంపు, 30, 35 డిగ్రీలు దానికి ఇబ్బంది కాదు. మీరు ప్యాకెట్ చించి వేసింది మాత్రం చల్లని దేశాల్లో తరతరాలుగా ఏరుకుంటూ వచ్చిన ఒకే ఒక్క జాతి. ఇద్దరినీ ఒకే ఎండలో నిలబెడితే ఇద్దరూ ఒకేలా ప్రవర్తించరు.

బీరుకు చల్లదనం అవసరమన్న సంగతి ఈస్ట్ అంటే ఏమిటో తెలియకముందే అక్కడివారికి తెలుసు. జర్మనీలోని బవేరియాలో 1553లో, ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాచడాన్నే నిషేధించారు. వేసవిలో కాచిన బీరు చెడుతోందని అనుభవం చెప్పింది. చలికాలంలో కాచి, కొండల కింది నేలమాళిగల్లో మంచుగడ్డల మధ్య దాచి వేసవంతా తాగేవారు. కార్ల్ ఫాన్ లిండె చేసిన శీతల యంత్రం 1870లలో మ్యూనిక్‌లోని ఒక బీరు కర్మాగారానికే మొదట చేరింది. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే జాతి ఈస్ట్‌ను విడదీసి పెంచాడు. మీ వంటింట్లో మీరు చేయవలసిన పని కూడా ఈ రెండు పనులే: ఒకే జాతి ఈస్ట్, దానికి తగిన చలి. మొదటిది ప్యాకెట్‌లో దొరికింది. రెండోది మీరే సమకూర్చుకోవాలి.

కళాశాలలో రసాయనశాస్త్రం బోధించడానికి రాకముందు నేను ఒక బీరు కర్మాగారపు ప్రయోగశాలలో నాలుగేళ్ళు పనిచేశాను. అక్కడ పులియబెట్టే పెద్ద ట్యాంకులకు చుట్టూ కవచంలా చల్లని ద్రవం తిరిగే ఏర్పాటు ఉండేది. రెండు గంటలకొకసారి ఒక మనిషి వెళ్ళి ట్యాంకు లోపలి ఉష్ణోగ్రతను పలకమీద రాసి రావాలి. ఒక రాత్రి ఒక ట్యాంకు కవాటం మూసుకుపోయింది, ఆ రాత్రి పలకమీద గది ఉష్ణోగ్రతను చూసి రాశారు. పొద్దున నేను నమూనా కుళాయి తిప్పి గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే అరటిపండు వాసన వచ్చింది. 12 డిగ్రీల దగ్గర ఉండవలసిన బీరు 16కు చేరింది. గది మాత్రం ఎప్పటిలాగే చల్లగా ఉంది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ గ్లాసే గుర్తొచ్చింది.

కనుక మీరు కొనవలసిన మొదటి వస్తువు బకెట్ పక్కకు అంటించే పట్టీ థర్మామీటరు. ధర స్వల్పం. రసం ఎంత ఎత్తున ఉందో దాని నడిమి ఎత్తున అంటించండి. పులిసే రసం తనంతట తానే లోపల తిరుగుతూ ఉంటుంది కాబట్టి పక్క గోడ చూపే అంకె లోపలి అంకెకు డిగ్రీ అటూ ఇటూగా దగ్గరగానే ఉంటుంది. ఇకమీద ఏసీ అంకెను మరచిపోయి దీన్నే చూడండి.

తరువాతి మాట సమయం గురించి, దీనిమీద నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుబడతాను. వాసనలు పుట్టేది ఎక్కువగా ఈస్ట్ పెరిగే దశలో, అంటే మొదటి మూడు రోజుల్లో. నాలుగో రోజున మీరు ఫ్రిజ్‌లో పెట్టేసరికి జరగవలసిన చెడు జరిగిపోయింది, జరగవలసిన మంచి ఆగిపోయింది. ఈస్ట్ పెరిగేటప్పుడు బయటికి వదిలిన ఒక పదార్థం రసంలో మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది. మీకు తగిలిన వెన్న వాసన దానిదే. మామూలుగానైతే పని ముగించుకుంటూ ఈస్టే ఆ డయాసిటైల్‌ను తిరిగి లోపలికి తీసుకుని వాసన లేనిదిగా మారుస్తుంది. మీరు దాన్ని ఒక్కసారిగా 4 డిగ్రీల చలిలోకి నెట్టడంతో ఈస్ట్ ముడుచుకుని అడుగుకు దిగిపోయింది. తినవలసిన చక్కెర తియ్యగా మిగిలింది, తుడవవలసిన వెన్న వాసన అలాగే నిలిచింది. మొదట చలి, చివర కొంచెం వెచ్చదనం అన్నది క్రమం. మీ చేతిలో అది తలకిందులైంది.

మూడోసారి ఇలా చేయండి. రసం మరిగించి దించాక, రాగి గొట్టపు చుట్టలో కుళాయి నీరు పారించి చల్లార్చుతారు కదా. డాలస్ వేసవిలో ఆ కుళాయి నీరే గోరువెచ్చగా వస్తుంది కనుక దాంతో 30 డిగ్రీల కిందికి దించడం కష్టం. చాలామంది అక్కడ ఓపిక నశించి ఈస్ట్ వేసేస్తారు. మీరూ "చేతికి కొంచెం వెచ్చగా తగిలింది" అని రాశారనుకుంటాను, ఉత్తరంలో ఆ వాక్యం కొట్టివేసి ఉంది. అక్కడినుంచి గిన్నెను ఐసు నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టి తిప్పండి, లేదా శుభ్రం చేసిన బకెట్‌లో పోసి గట్టిగా మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున 17, 18 డిగ్రీల దగ్గర ఈస్ట్ వేయండి. శుభ్రత విషయంలో మీరు జాగ్రత్తపరులే కనుక ఒక రాత్రి ఆలస్యం వల్ల నష్టం ఉండదు. వెచ్చగా మొదలుపెట్టి తర్వాత చల్లార్చుదామనుకోవడం కన్నా, చల్లగా మొదలుపెట్టి తనంతట తాను కొంచెం ఎక్కనివ్వడం వెయ్యి రెట్లు మేలు.

ఇప్పుడు బకెట్‌ను అలమారలోంచి తీసి, స్నానాల గదిలోనో వంటింటి మూలనో, ఏసీ గాలి తగిలే చోట, ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బులో కూర్చోబెట్టండి. లోపలి రసం ఎత్తులో మూడింట రెండు వంతుల వరకు టబ్బులో నీళ్ళు పోయండి. పాత నూలు బనియను ఒకటి బకెట్‌కు తొడిగి, దాని అంచు నీళ్ళలో మునిగేలా వదిలి, చిన్న ఫ్యాను పెట్టండి. మీ ఇంట్లో వేసవిలో రంజనుకు తడి గోనెపట్టా చుట్టి పెట్టేవారు గుర్తుందా, అదే ఇది. ఒక లీటరు నీరు ఆవిరైపోతూ తీసుకుపోయే వేడి, ఏడు కిలోల ఐసు కరగడానికి పట్టే వేడికి సమానం. గాలి పొడిగా ఉన్నప్పుడే ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. మే నెలలో 44 డిగ్రీలు దాటే నల్లగొండలో రంజను నీళ్ళు పళ్ళు జివ్వుమనేలా ఉండి, వానాకాలం ముసురులో అదే రంజను మామూలు బిందెలా ఉండేది అందుకే. ఏసీ తన గది గాలిలోని తేమను పీల్చేస్తుంది కనుక మీకు అక్కడ ఇది ఏడాది పొడుగునా అక్కరకు వస్తుంది.

దీనితో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మిగిలిన దానికి లీటరు సీసాల్లో నీళ్ళు పోసి గడ్డకట్టించి టబ్బులో వేయండి. లెక్క సులభం: ఒక కిలో ఐసు కరుగుతూ 80 కిలోకేలరీలు తీసుకుంటుంది, అంటే 20 లీటర్ల నీటిని 4 డిగ్రీలు దించగలదు. మీకు బకెట్‌లో 20, టబ్బులో మరో 20 లీటర్లు ఉంటాయి కాబట్టి ఒక్కో సీసా సుమారు 2 డిగ్రీలు దించుతుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటితో మొదలుపెట్టి, రెండోరోజు నురగ ఉద్ధృతంగా లేచినప్పుడు రెండేసి చొప్పున వేయవలసి రావచ్చు. పట్టీమీద 18, 19 కనబడుతూ ఉండాలి. కంగారుపడి నాలుగైదు సీసాలు ఒక్కసారే గుమ్మరించకండి. ఒక్కసారిగా పడిపోయిన చలికి ఈస్ట్ మళ్ళీ అడుగుకు దిగుతుంది. టబ్బులో నీరు ఎక్కువ ఉండటం వల్ల అసలు లాభం కూడా అదే, అంత నీరు త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు.

మూడు రోజులు గడిచి నురగ తగ్గుముఖం పట్టాక సీసాలు వేయడం మానేసి, బకెట్‌ను 21, 22 వరకు ఎక్కనివ్వండి. ఈ దశలో ఆ వెచ్చదనం వాసనలను పెంచదు, వెన్న వాసనను తుడవడానికి ఈస్ట్‌కు సత్తువ ఇస్తుంది. పదో రోజు దాటాక, రసం సాంద్రతను బట్టి చక్కెర ఎంత మిగిలిందో చూపే హైడ్రోమీటరుతో చూసి, మూడు రోజుల తర్వాత మళ్ళీ చూడండి. రెండు అంకెలూ ఒకటే అయితేనే సీసాల్లోకి దించండి. రెండోసారి చేసిన బీరులాగా చక్కెర మిగిలిపోయినదాన్ని సీసాల్లో బిగిస్తే అది లోపల మళ్ళీ పులిసి సీసా పగిలి కళ్ళకు ప్రమాదం. ఆ బీరు ఇంకా మీ దగ్గర ఉంటే, దాన్ని గది వెచ్చదనానికి తెచ్చి, మెల్లగా కదిపి వారం ఉంచి చూడండి, కొంత కోలుకోవచ్చు. మొదటిదాన్ని పారబోయండి.

ఫ్రిజ్ వాడాలని ఉంటే పాత ఫ్రిజ్ ఒకటి, దానికి కరెంటును కలుపుతూ తీస్తూ ఉండే టెంపరేచర్ కంట్రోలరు ఒకటి కొనుక్కోవచ్చు. తరచుగా చేసేవారికి అంతకన్నా సుఖం లేదు. అక్కడ కూడా మీ పాత పొరపాటే పొంచి ఉంటుంది: కంట్రోలరు సెన్సరును ఫ్రిజ్ గాలిలో వేలాడదీస్తే అది గాలిని 18 దగ్గర ఉంచుతుంది, బీరు 22 దగ్గర ఉంటుంది. సెన్సరును బకెట్ గోడకు ఆనించి, పైన మడిచిన స్పాంజి ముక్క పెట్టి టేపుతో బిగించండి. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్ళీ మొదలవకుండా నాలుగైదు నిమిషాల విరామం పెట్టండి. చల్లారేటప్పుడు బకెట్ లోపలి గాలి ముడుచుకుని, మూతమీద వాయువును బయటికి మాత్రమే వదిలే ఎయిర్‌లాక్‌లోని నీటిని లోపలికి లాగుతుంది, ఆ నీరు శుభ్రమైనదై ఉండాలి.

ఇంత శ్రమ వద్దనుకునేవారికి వేడిని ఇష్టపడే ఈస్ట్‌లు ఉన్నాయి. నార్వేలోని వాస్ ప్రాంతపు పల్లె రైతులు తరతరాలుగా దాచుకున్న క్వైక్ అనే ఈస్ట్ 35, 40 డిగ్రీల్లో కూడా నెయిల్ పాలిష్ వాసన రాకుండా, నారింజ తొక్కలాంటి పరిమళంతో పులియబెడుతుంది. ఎండబెట్టి, చెక్క రింగులమీద అంటుకునేలా చేసి దాన్ని మరుసటి కాపుకు దాచేవారు. పాత లొట్టిలో నిన్నటి కల్లు అంటు నేటి కల్లును పొంగించడంలాంటిదే అది. ఆగస్టులో మీకు అది మంచి దారి. అయినా నా సలహా, ముందు ఒకసారి చలి పట్టి ఉంచడం నేర్చుకుని మామూలు ఈస్ట్‌తో ఒక మంచి బీరు చేయండి; అప్పుడే వేడి ఈస్ట్ చేసేది గుణమో దోషమో మీ నాలుకకు తెలుస్తుంది.

ఈసారి మొదలుపెట్టిన రోజునుంచి పొద్దున, రాత్రి పట్టీమీది అంకెనూ వేసిన సీసాల లెక్కనూ ఒక కాగితంమీద రాసి పెట్టండి. మూడో రోజు రాత్రి బకెట్ మూత దగ్గర ముక్కు పెట్టి ఏ వాసన వచ్చిందో కూడా పక్కనే రాయండి. రుచి ఎలా వచ్చినా సరే, ఆ కాగితం ఫోటో నాకు పంపితే, ఎక్కడ తప్పిందో ఈసారి ఊహించనక్కర లేకుండా చెప్పగలను.